తొమ్మిది గళ్లు

త్రిశూర్‌లోని ఒక ఆసుపత్రిలో జ్ఞాపకశక్తిని పరీక్షించే గదికి అందరూ చేచి, అంటే అక్క, అని పిలిచే ఆయా విలాసిని ఇరవై రెండేళ్లుగా మహారాణి. కంప్యూటర్ తెర మీద తొమ్మిది నీలం గళ్లు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. రోగి అదే వరుసలో వాటిని తాకాలి. వెనక నిలబడ్డ చేచి వేళ్లు రోగి కంటే ముందే చీర కుచ్చిళ్ల మీద ఆ వరుసను తట్టేస్తాయి. కంప్యూటర్ ఇన్నేళ్లలో ఒక్క వరుసైనా మార్చిన పాపాన పోలేదు మరి. ఈమధ్య చేచి గొడుగును బస్సులోనూ, ఆవిరి మీద ఉడికే బియ్యప్పిండి పుట్టును పొయ్యి మీదా మరిచిపోతోంది. మొన్న తన ఇంటి మలుపే తోచక వీధిలో నిలబడిపోయింది. భయపడి, డాక్టర్ కురువిళ దగ్గరికి వెళ్లి తనకూ పరీక్ష పెట్టమంది.

"ఈ వరుసలన్నీ నాకు కంఠపాఠం సార్. ఇంకేదైనా పెట్టండి."

"కంప్యూటర్‌కి మొహమాటాలుండవు చేచీ, కూర్చోండి."

తొమ్మిదికి తొమ్మిది వచ్చాయి. ఆ ఆసుపత్రిలో అంతవరకూ ఎవరికీ రాని మార్కులవి. "ఏ లోపమూ లేదు" అని రాసి, ముద్ర కొట్టి, "నాకంటే మీ బుర్రే గట్టిది, పొండి" అన్నారు డాక్టర్‌గారు. చేచి ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"సార్, నాకు పరీక్ష ఎప్పుడు పెడతారు?"

చేచికి హాస్యం కూడా బాగా అబ్బిందని డాక్టర్‌గారు పడిపడి నవ్వారు.