డోరతీ గారి అమ్మ సమాధి కోసం తూర్పు టెక్సాస్‌కి

ఇర్వింగ్‌లో మా పక్క అపార్ట్‌మెంట్ డోరతీ గారికి ఎనభై దాటాయి. ఆవిడ నాలుగో ఏట వాళ్లమ్మ పోతే తండ్రి ఊరు వదిలేసి డల్లాస్ వచ్చేశాడట. మన జిల్లాలాంటి ఆ కౌంటీ పేరు తప్ప, భార్యను ఎక్కడ పూడ్చిందీ చచ్చేదాకా చెప్పలేదు. "నా కాళ్లు ఆడుతుండగానే అమ్మకి ఒక రాయి వేయించాలి" అని ఆవిడ అనడం, "మా అమ్మాయి తీసుకెళ్తుంది" అని మా అమ్మ నన్ను అడక్కుండానే మాటిచ్చేయడం జరిగిపోయాయి. ఆర్నెల్లు ఉందామని తెనాలి నుంచి వచ్చిన అమ్మకి ఇక్కడ దొరికిన మొదటి స్నేహితురాలు మరి.

మే నెలలో ఒక శనివారం ఏడింటికి బయల్దేరాం. ఐ-20 మీద తూర్పుగా రెండు గంటలు, తర్వాత పైన్ చెట్ల మధ్య సన్నటి రోడ్డు. రానూపోనూ ఒక ట్యాంక్ పెట్రోలు సరిపోయింది. కౌంటీ లైబ్రరీలో వంశవృక్షాల గది పదింటికి తెరిచారు, ప్రవేశం ఉచితం. అక్కడి వాలంటీర్ మరణాల రికార్డులు ఎంత వెతికినా వాళ్లమ్మ పేరు దొరకలేదు. "పల్లెల్లో చావులు అప్పట్లో చాలావరకు రాయించేవాళ్లే కాదండీ" అందావిడ. డోరతీ గారి మొహం చూసి నాకు మొండితనం వచ్చింది. చావు లేకపోతే బతుకు వెతుకుదాం అని పాత జనాభా లెక్కల మైక్రోఫిల్మ్ పెట్టించాను. గంటన్నరకి తండ్రి పేరు, పక్కన భార్య ఐడా, ఏడాదిన్నర పాప డోరతీ కనిపించారు. వాళ్లుండే పల్లె పేరు చూడగానే వాలంటీర్, "అక్కడి శ్మశానంలో ఇవాళే డెకరేషన్ డే. పాత కుటుంబాలన్నీ వస్తాయి, వెంటనే వెళ్లండి" అంది.

ఏడాదికోసారి అందరూ కలిసి సమాధుల దగ్గర గడ్డి పీకి, పూలు పెట్టి, చెట్ల కింద భోజనాలు చేస్తారు. మేం వెళ్లేసరికి బల్లలు వంటకాలతో నిండిపోయాయి. అమ్మ తన పులిహోర డబ్బా కూడా వాటి మధ్య పెట్టేసి, ఆకులు ఊడుస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి నేరుగా వెళ్లింది.

"యు ఆర్ విచ్ ఫ్యామిలీ? మదర్ సైడ్ హూ?"

"అమ్మా, ఇక్కడ అలా అడక్కూడదు!" నాకు తల కొట్టేసినట్టయింది.

"అడక్కపోతే ఎలా తెలుస్తుందే?"

ఆయనకి కోపం రాలేదు సరికదా, చీపురు పక్కన పెట్టి నాలుగు తరాలు ఏకరువు పెట్టాడు. పెట్టి, "మరి మీరెవరి తాలూకు?" అన్నాడు. అమ్మ డోరతీ గారిని ముందుకు తోసింది. ఆవిడ తల్లిదండ్రుల పేర్లు చెప్పింది.

ఆయన మమ్మల్ని కంచె వారకి తీసుకెళ్లాడు. అక్కడ రాయి లేదు. శుభ్రం చేసిన నేల మీద గాజు సీసాలో తాజా పూలున్నాయి.

"ఐడా మా అమ్మ స్నేహితురాలు. వాళ్ల పాప తిరిగొచ్చేదాకా పూలు మనమే పెట్టాలి అనేది మా అమ్మ. ఆవిడ పోయాక నేను పెడుతున్నాను."

డోరతీ గారు నేల మీద కూర్చుండిపోయింది. అమ్మ కూడా పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. నేను కళ్లు తుడుచుకోవడానికి కారు దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఎవరి తాలూకు అని అడగడం మొరటుతనమని ఇన్నేళ్లూ అమ్మని కసురుకున్నాను. ఆ ప్రశ్నకి ఒక్క జవాబు కోసమే ఒక మనిషి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. మీరూ ఇలాంటి వెతుకులాటకి వెళ్తుంటే, డెకరేషన్ డే ఎప్పుడో ముందుగా లైబ్రరీకి ఫోన్ చేసి కనుక్కోండి. పూలు మాత్రం రెండు గుత్తులు పట్టుకెళ్లండి. రెండోది, ఇంకా ఎవరూ వెతుక్కుంటూ రానివాళ్లకి.