సీ డ్రైవ్‌ల ఏం లేదన్న

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు నవ్వొస్తుంది. పద్దెనిమిదేళ్లుగా బాన్సువాడలో, ఒక హోటల్ పైనున్న దుకాణంలో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. దానంతట అదే ఆన్ అవుతోందని, ఎవరూ ముట్టకుండానే అక్షరాలు పడుతున్నాయని బిక్కుబిక్కుమంటూ పట్టుకొచ్చినవాళ్లను ఎందరినో చూశాను. ఒకదాంట్లో స్విచ్ లూజు. ఇంకోదాని కీబోర్డు కింద బొద్దింకలు సంసారం పెట్టాయి. కారణం లేకుండా ఏదీ జరగదన్నది నా నమ్మకం. ఇప్పటికీ అదే అంటాను, కాకపోతే ఇదివరకటంత గట్టిగా అనలేకపోతున్నాను.

పోయిన వానాకాలం సంగతి ఇది. పిట్లం దగ్గర ఒక తండా నుంచి మోహన్ వచ్చాడు. పాతికేళ్లవాడు, కోతలప్పుడు హార్వెస్టర్ నడుపుతాడు. పాత సీపీయూ ఒకటి దుప్పట్లో మూటకట్టి, బైకు వెనకాల తాడుతో బిగించి తెచ్చాడు. విప్పితే లోపల పిడికెడు దుమ్ము, రెండు వడ్లగింజలు.

"గిండ్ల ఒక ఆట ఉంటదన్న. అది ఒక్కటి నడవాలె. ఇంకేం వద్దు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నాట్ల కాలంలో పని మానుకుని ఆట కోసం ఇంత దూరం వస్తావా అని నాలుగు మాటలు అన్నాను కూడా. అతను తలవంచుకుని విన్నాడు. తర్వాత అసలు విషయం చెప్పాడు.

అది ఇరవై ఏళ్ల కిందటి ఆట. పట్నంలో కారు నడుపుతూ తిరగడం, ఎవరినైనా గుద్దితే వాళ్లు తిట్టడం. ఇలాంటి ఆటల్లో ఫైళ్లు మార్చి మనకు నచ్చిన బండ్లు, బొమ్మలు, గొంతులు పెట్టుకోవచ్చు. దాన్నే మోడ్ చేయడం అంటారు. మోహన్ ఇంటర్ చదివేటప్పుడు ఆ ఆటలో ఒక ఆడమనిషి బొమ్మకు వాళ్లమ్మ గొంతు పెట్టాడు. ఎప్పుడు చూసినా కంప్యూటర్ ముందే కూర్చుంటున్నాడని ఆమె తిడుతుంటే, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన మైకుతో ఆమెకు తెలియకుండా రికార్డు చేశాడట. మొత్తం మూడు తిట్లు. తిన్నావా లేదా అని ఒకటి, కళ్లు పోతాయి అని ఒకటి, ఫ్యూజు పీకి బావిలో పారేస్తాను అని ఒకటి. అన్నీ లంబాడీ భాషలోనే. ఆటలో ఆమెను కారుతో గుద్దితే ఈ మూడింటిలో ఏదో ఒకటి వినిపించేది. ఆమెకు చూపిస్తే ముందు చీపురు తిరగేసిందట, తర్వాత నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుందట.

ఆ ఏడే జ్వరం వచ్చి ఆమె పోయింది. ఎనిమిదేళ్లయింది. అప్పట్లో ఇంట్లో ఉన్నది చిన్న ఫోను. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

"మా చెల్లెకు అప్పుడు నాలుగేండ్లన్న. యాది లేదు దానికి. మొన్న అడిగింది, యాడి గొంతు ఎట్లుంటుండె అని. ఏమని చెప్తనే? వినిపిస్త తియ్ అన్న" అన్నాడు. వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ.

ఇక నేనేం మాట్లాడతాను. సీపీయూ బల్ల మీద పెట్టి తీగలు తగిలించాను.

"ఫికర్ చెయ్యకు, అయితది" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆట డీ డ్రైవ్‌లో భద్రంగానే ఉంది. తెరవబోతే ఫలానా ఫైలు లేదని వచ్చింది. పాత ఆటలకు ఇది మామూలే. ఆ ఫైలు తెచ్చి పెట్టాను. ఇంకోటి లేదంది. అదీ పెట్టాను. మూడోది అడిగింది. విండోస్‌కు పాత సామాను ఒకటి తక్కువైందని అర్థమై అది మొత్తం ఎక్కించాను. అప్పుడు మోడ్‌ను నడిపే ఫైలు ఆటకు సరిపడలేదంది. దానికి ఆట పాత వెర్షన్ కావాలి. అది వెతికేసరికి సాయంత్రమైంది. మోహన్‌ను రేపు రమ్మని పంపించాను. ఇలాంటి పనిలో విసుగొస్తుంది గానీ పట్టుదల కూడా పెరుగుతుంది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూనే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున చివరి ఎర్రర్ వచ్చింది. సౌండ్ ఫోల్డర్ దొరకలేదు, అని. అది ఎక్కడ ఉండాలో దారి కూడా చూపించింది. సీ డ్రైవ్, డెస్క్‌టాప్, యాడి.

అది చదివాక మౌస్ వదిలేశాను.

ఎందుకంటే ఆ సిస్టమ్ మూడేళ్ల కింద నా దగ్గరికే వచ్చింది. మోహన్ వచ్చినప్పుడే ఆ మాట చెప్పాడు, నేను పట్టించుకోలేదు. అప్పుడు వైరస్ పట్టింది. మా దగ్గర వైరస్ అంటే ఒకటే మందు, ఫార్మాట్. సీ డ్రైవ్ తుడిచేసి విండోస్ కొత్తగా వేస్తాం, డీ డ్రైవ్ ముట్టుకోము. ఫార్మాట్ కొట్టే ముందు ఒక మాట అడుగుతాం, సీ లో ఏమైనా ఉందా అని. వచ్చినవాళ్లు ఏం లేదంటారు. నూటికి నూరుమందీ అదే అంటారు. డెస్క్‌టాప్ మీద కనబడేదంతా సీ లోనే ఉంటుందని సగం మందికి తెలియదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా రెండోసారి అడగను. పని తొందర.

మోహన్ వచ్చాక దాచకుండా చెప్పేశాను. "తప్పు నాదే తమ్మీ. మీ అమ్మ గొంతు నేనే తుడిచిన" అన్నాను.

అతను స్క్రీన్ మీద ఆ ఎర్రర్‌ను ఒక్కో అక్షరం చదివాడు.

"నువ్వు అడిగినవ్ అన్న. నాకు యాదికుంది. సీ డ్రైవ్‌ల ఏం లేదన్న, కొట్టెయ్ అని నేనే అన్న" అన్నాడు. ఆట డీ లో ఉంది కదా, గొంతులు కూడా అందులోనే ఉన్నాయనుకున్నాడట. ఫార్మాట్ అయ్యాక హార్వెస్టర్ పనిలో పడ్డాడు, సిస్టమ్ అటక మీదికెక్కింది. మళ్లీ తెరిచి చూసింది లేదు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ రెండు రోజులు నడిపాను. వేరే పనులన్నీ పక్కన పెట్టాను. బిచ్కుంద నుంచి ప్రింటర్ కోసం వచ్చినాయన అలిగి వెళ్లిపోయాడు. పాత సినిమా పాటల ముక్కలు దొరికాయి, ఎవరి పెళ్లివో సగం సగం ఫొటోలు దొరికాయి. పేరులేని సౌండ్ ఫైలు ఏది దొరికినా చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఆ ఫోల్డర్ ఉన్నచోట కొత్త విండోస్ కూర్చుంది. దాని మీద ఇంకేం చేసినా లాభం లేదు. నా పనిలో అంత చేతగానితనం నాకెప్పుడూ అనిపించలేదు.

చివరికి, కనీసం ఆటైనా తెరుచుకోవాలని ఒక పని చేశాను. అదే చోట, అదే పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టాను. అందులో ఏమీ లేదు. ఆటకు మాత్రం ఫోల్డర్ కనబడింది, ఎర్రర్ పోయింది. పట్నం కనిపించింది, కారు కదిలింది. గుద్దితే ఆ ఆడమనిషి చెయ్యి ఊపి నోరు తెరిచేది, శబ్దం వచ్చేది కాదు. ఆ నోరు చూడలేక ఆట మూసేశాను.

శనివారం మధ్యాహ్నం మోహన్ చెల్లెలితో వచ్చాడు. పేరు అనిత, ఏడో తరగతి. బయట ఒకటే వాన. పిల్ల తల నుంచి నీళ్లు కారుతున్నాయి. గొంతు పోయిందని ఆ పిల్లకు అతను ఇంకా చెప్పలేదు. నన్ను పక్కకు పిలిచి, "నువ్వే చెప్పన్న, నాకు నోరొస్తలేదు" అని, బైకు నీడకు పెట్టొస్తానంటూ కిందికి దిగిపోయాడు.

నాకు మాత్రం నోరెలా వస్తుంది? ముందు ఆటైనా చూడనీ అనుకుని కుర్చీ జరిపాను. పిల్ల కూర్చుని కీబోర్డు అందుకుంది. కారు రెండు గోడలకు కొట్టి, సందు తిరిగి, ఆ ఆడమనిషికి తగిలింది.

స్పీకర్‌లోంచి ఒక గొంతు వచ్చింది.

ఆడగొంతు, కొంచెం బొంగురు, గబగబా నాలుగైదు మాటలు. లంబాడీ భాష అని తెలిసింది. తండాల వాళ్లు నా దుకాణానికి రోజూ వస్తారు, ఆ యాస నాకు కొత్త కాదు. అర్థం మాత్రం తెలియలేదు.

పిల్ల భయపడలేదు. ఎవరో పెద్దవాళ్లు కసిరినప్పుడు ఉలిక్కిపడతారే, అలా చెయ్యి తలకు వెళ్లింది. చున్నీ తీసి గబగబా తల తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"ఏమన్నది?" అని అడిగాను.

"తల తుడుచుకోమంటుంది. తడి తల తోని కూసున్నవేందే అని" అంది. తుడుచుకుంటూనే, "గీమెనా మా యాడి?" అని అడిగింది.

అప్పుడే మోహన్ పైకొచ్చాడు. ఏం జరిగిందో చెప్పాను. అతని ముఖం ఎర్రబడింది. "అన్న, ఎవలినన్న పిలిచి మాట్లాడిచ్చినవా? నన్ను ఓదార్చనీకి?" అన్నాడు. నా పిల్లల మీద ఒట్టేశాను. అంత తెలివి ఉంటే అసలు ఆ ఫైళ్లే పోనిచ్చేవాణ్ని కాదు.

దుకాణంలో కెమెరా ఉంది, శబ్దం రికార్డు కాదు. దాని రికార్డింగు వెనక్కి తిప్పి చూపించాను. అందులో ఇద్దరం ఒకేసారి స్పీకర్ వైపు తిరిగాం. పిల్ల వెంటనే చున్నీ తీసుకుంది. మా దగ్గర ఇంకెవరూ లేరు. నా ఫోను చార్జింగ్‌లో, స్విచ్చాఫ్ చేసి ఉంది. ఆ సిస్టమ్‌కు ఇంటర్నెట్ తీగ కూడా తగిలించలేదు. ఫోల్డర్ తెరిచాను. ఖాళీ. ఆట రాసుకునే లాగ్ ఫైలు తెరిస్తే, ఆ నిమిషానికి ఎదురుగా సౌండ్ ఫైలు లేదనే రాసి ఉంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకోటి. ఆ మాట మోహన్ ఎప్పుడూ రికార్డు చేయలేదు. అతను చేసిన మూడింటిలో తల ఊసే లేదు.

"ఎట్ల అన్నది? ఎట్ల అన్నదో గట్లనే అను" అని చెల్లెల్ని అడిగాడు. ఆ పిల్ల అంది. ఆ మాటలే, ఆ కసురే, చివర కొంచెం సాగదీస్తూ. మోహన్ నా స్టూలు మీద కూలబడ్డాడు.

"గట్లనే అంటుండెనన్న. ఆఖరుకు గట్లనే గుంజుతుండె" అని ఏడ్చాడు. మళ్లీ అనమన్నాడు. అనిత మళ్లీ అంది. ఎన్నిసార్లు అనిపించుకున్నాడో లెక్క లేదు.

తర్వాత కీబోర్డు ముందు తను కూర్చున్నాడు. దుకాణం మూసేదాకా ఆ ఆడమనిషిని గుద్దుతూనే ఉన్నాడు. ఆమె చెయ్యి ఊపుతుంది, నోరు తెరుస్తుంది. మాట రాదు. "ఒక్కసారి తిట్టే, నన్ను గూడ తిట్టే" అని గొణుగుతున్నాడు. నేను అటు చూడలేక షట్టర్ దగ్గరికెళ్లి నిలబడ్డాను.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. కింద హోటల్లో టీవీ ఆ రోజు పనిచేయడం లేదు. పాత స్పీకర్లు ఒక్కోసారి వాకీటాకీ మాటలు పట్టుకుంటాయి. అవే స్పీకర్లు నెలరోజులు నా బల్ల మీద పెట్టి నడిపాను, గురగుర తప్ప ఏమీ లేదు. నాలుగేళ్లప్పుడు విన్న మాట పిల్లకు ఎక్కడో గుర్తుండి అలా అనుకుందేమో అంటే, మరి నేనెలా విన్నాను? నేను ఆమెను ఎన్నడూ చూడలేదు.

సిస్టమ్ మోహనే తీసుకెళ్లాడు. విండోస్ ముట్టుకోవద్దని, ఏమీ ఎక్కించవద్దని, ఎవరికీ ఇవ్వవద్దని చెప్పి పంపాను. ఇప్పుడు ఎవరైనా ఫార్మాట్‌కు వస్తే సీ లో ఏముందో నేనే తెరిచి చూస్తున్నాను. అరగంట ఎక్కువ పడుతుంది. పడనీ.

మొన్న వానలప్పుడు మోహన్ ఫోన్ చేశాడు. పిల్లకు జలుబు తగ్గడం లేదట. వాన మొదలైతే చాలు వెళ్లి తల తడుపుకొస్తోందట. ఆట తెరిచి, స్పీకర్ సౌండు పూర్తిగా పెంచి, దాని ముందు కూర్చుంటోందట.

"ఎంత చెప్పినా తల తుడుచుకుంటలేదన్న. ఎదురుచూస్తుంది" అన్నాడు. "నువ్వన్న చెప్పు, ఇగ రాదని."

ఫోను పిల్లకిచ్చాడు. అటువైపు వాన చప్పుడు వినిపిస్తోంది. రాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వస్తుందని కూడా చెప్పలేకపోయాను.