నర్సింహ గారు ఆపిన అల

అచ్చులో నేను చేయబోయిన ఒక పెద్ద తప్పును ఒక మనిషి ఆపారు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను కనుక దీనిని రాసి ఉంచడం నా విధి. మొన్న అఫ్జల్‌గంజ్‌లో కళ్ళజోడు బాగు చేయించుకుంటుండగా, దుకాణదారు అద్దం తుడిచిన స్పిరిట్ వాసన తగిలి, దబీర్‌పురా నర్సింహ గారు గుర్తుకు వచ్చారు.

ఆయన మా ప్రయోగశాలలో టెక్నీషియన్. పాతబస్తీలో ఒక మేడ మీద మా లైడార్ ఉండేది. ఆకాశంలోకి లేజర్ కాంతిని పంపి, ధూళి కణాల మీద, గాలి అణువుల మీద పడి తిరిగివచ్చే వెలుగును కొలిచే యంత్రం అది. ఏ ఎత్తులో ఎంత ధూళి ఉన్నదో, పై గాలిలో అలలు ఎలా సాగుతున్నాయో ఆ వెలుగే చెప్పేది. నర్సింహ గారు దాని అద్దాలను స్పిరిట్‌తో తుడిచేవారు. జరిగిన ప్రతిదీ ఒక పుస్తకంలో రాసేవారు. లేజర్‌ను చల్లబరిచే కూలర్ ఎప్పుడు నడిచింది, ఎప్పుడు ఆగింది, పక్క గల్లీలో చెత్త ఎప్పుడు తగులబెట్టారు, అన్నీ అందులో ఉండేవి. రాత వంకర, పేజీ నిండా కొట్టివేతలు. క్రమం లేనిది నేను సహించలేను. ఆ పుస్తకాన్ని శుభ్రంగా తిరగరాసి, అనవసరమని తోచిన కూలర్ వేళలను వదిలివేసేవాణ్ణి. "మస్తు సాఫ్‌గ రాసిన్రు సార్, పెండ్లి పత్రిక లెక్క ఉన్నది," అన్నారొకసారి. మెచ్చుకున్నారనుకున్నాను.

అప్పటికి నా ఉద్యోగం తాత్కాలికం. ఖాయం కావాలంటే మంచి పరిశోధన పత్రం ఒకటి కావాలి. ఆ వేసవిలో నా గ్రాఫ్‌లో ఒక అల కనిపించింది. గడియారం పెట్టినట్లు లేస్తూ, పడుతూ. పత్రం కవరులో పెట్టి తపాలాకు బయలుదేరుతుండగా నర్సింహ గారు గ్రాఫ్ చూపమన్నారు. వేలితో కింది నుంచి పైదాకా తడిమారు.

"సార్, కింది గాలి, మీది గాలి ఒక్కపారే లేస్తున్నయ్, ఒక్కపారే పడుతున్నయ్. గాలి గిట్ల కవాతు చేస్తదా?"

"అలలు అలాగే ఉంటాయి నర్సింహ గారూ," అన్నాను కటువుగా.

"ఏమో సార్, సదువుకున్నోళ్లు మీరు. నా పుస్తకం జర పక్కన పెట్టి చూడుండ్రి."

పెట్టి చూశాను. నేను వదిలివేసిన కూలర్ వేళలు ఒక్కొక్కటీ నా అల శిఖరాల కిందనే ఉన్నాయి. కూలర్ నడిచినప్పుడల్లా లేజర్ బలం మారింది. అందుకే అన్ని ఎత్తులూ ఒకేసారి ఊగాయి. ఊగినది ఆకాశం కాదు, మా యంత్రం. నేను గ్రాఫ్‌ను చింపబోతే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"చింపకుండ్రి సార్. తప్పు మీద ఒక్క గీత కొట్టి, కింద సరైంది రాయుండ్రి. రేపు ఇంకొకడు గిదే గుంతల పడొద్దు గద." తరువాత నవ్వారు. "నౌకరీ ఫికర్ చెయ్యకుండ్రి. గాలి యాడికి పోతది? మల్ల చూద్దాం."

పత్రం పంపలేదు. ఆ ఏడాది ఉద్యోగం ఖాయం కాలేదు. మరుసటి చలికాలంలో మరొక అల దొరికింది; పై ఎత్తులో ముందు, కింది ఎత్తులో తరువాత. "ఇగో, ఇది గాలి," అన్నారు నర్సింహ గారు. దాని మీద రాసిన పత్రమే నన్ను ఉద్యోగంలో నిలబెట్టింది. అందులో ఆయన పేరు చేర్చాలని నాకు తోచలేదు. ఆయన అడగలేదు. నాకు తోచేనాటికి ఆయన లేరు.

నేటికీ నా తప్పులను చెరపను, చింపను, గీత కొడతాను. ఇందులోని మాటలు నా జ్ఞాపకం మేరకే రాశాను. నర్సింహ గారిని ఎరిగినవారు, ఆ యంత్రం సంగతి నాకంటే బాగా తెలిసినవారు పొరపాట్లు చెప్పాలని కోరుతున్నాను. నా వాక్యం మీద గీత గీసి, మీ మాటను కింద రాస్తాను, మీ పేరుతో సహా.