డాక్టరమ్మకు చెప్పిన చిరునామా

మా తాతకు అల్జీమర్స్. మా నాన్నకూ అదే. నాన్న చివరి రోజుల్లో కడుపునిండా భోంచేసి, వచ్చిన ప్రతివారితో "ఈ ఇంట్ల నాకు బువ్వ పెడ్తలేరు" అనేవాడు. వాళ్లు అమ్మను అదోలా చూసేవారు.

అరవై దాటాక నా వంతు వచ్చిందేమోనని భయం పట్టుకుంది. రోజూ పొద్దున మేడ మీద పంతొమ్మిదో ఎక్కం గట్టిగా అప్పజెబుతాను. పక్క మేడ మీద బట్టలారేసే ఆవిడ రెండుసార్లు తప్పు దిద్దింది. అది విన్న మా అక్క నన్ను ఉప్పల్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరకు లాక్కెళ్లింది.

జ్ఞాపకశక్తి పరీక్ష. వందలోంచి ఏడేడు తీసేయమంది. చాలండీ అన్నా ఆగకుండా, నిటారుగా కూర్చుని రెండు దాకా తీసేశాను.

"ఎక్కడుంటారండీ?"

ఇంటి నంబరు చెప్పుకోవడం మా వంశంలో లేదు. హద్దులు చెప్పాలని చిన్నప్పుడే నేర్పారు.

"నాచారం. తూర్పున మల్లాపూర్ బాట, ఉత్తరాన మౌలాలి గుట్ట, దక్షిణాన మా మామిడితోట."

"ఆ తోట ఇప్పుడుందాండీ?"

"ఉంది."

ఆమె ఏదో పొడుగ్గా రాసింది.

"ఏడుందిరా తమ్మీ?" అంది అక్క. "తోటల ఫ్యాక్టరీ వచ్చి ముప్పై ఏండ్లాయె. గిట్లనే చెప్తే గోలీలు రాసిస్తది."

"హద్దులు తప్పు చెప్పిన్నా?"

"హద్దులు రైటే. భూమే లేదు."

డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది. "పోనీ, నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారండీ?"

నేను మరిచిపోయానా, దాస్తున్నానా అన్నది ఆమెకు తేలాలి. నా మతి బాగుందని తేలాలంటే, మా ఇంట్లో ఎవరూ పైకి అనని మాట నేనే అనాలి. వెన్ను ఇంకాస్త నిలబెట్టి అన్నాను.

"నాచారంలనే. పంక్చర్ షాపు మీద మూడో అంతస్తు. రెండు గదులు. కిరాయి ఇల్లు."

ఆమె ఇందాక రాసినదాన్ని కొట్టేసింది. "మీకు బాగానే ఉందండీ. వంశంలో ఆ జబ్బు ఉన్నంత మాత్రాన అందరికీ రావాలని లేదు. నడక మానకండి. ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి."

బాగానే ఉందన్న మాట కాగితం మీద రాసి, సంతకం చేసి ఇమ్మన్నాను. ఇచ్చింది.

"ఏం జేస్తవ్‌రా దాన్ని?" అంది అక్క.

"ఫ్రేం కట్టించి ముందర గదిల పెడ్త."

"మీ ఓనర్ గోడకు మొల కొట్టనియ్యడు."

"టీవీ మీద నిలబెడ్త," అన్నాను.