ఊకకుప్ప మీద స్కీలు

వదినగారూ, నిన్న మీరు వెక్కిరించినట్టు మా మనవరాలు తెచ్చినవి మంచం పట్టెలు కావు, మంచు మీద జారే స్కీలు. మెత్తటి మంచుకోసం వెడల్పుగా చేసిన రకం. ఉంచుకుంటుందో, అమ్మినవాళ్లకి తిరిగి పంపుతుందో రేపటికల్లా చెప్పాలట. జగ్గయ్యపేటలో మంచెక్కడిది? అందుకని ఈ సాయంత్రం రైస్‌మిల్లు వెనక ఊకకుప్ప ఎక్కింది.

పైనున్న పొడి ఊకలో తేలిపోయింది, వెనక్కి తిరిగి కూడా జారింది. మొన్నటి వానకి తడిసి ముద్దయిన చోటా స్కీలు కూరుకుపోలేదు. కింద ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం తగలగానే మాత్రం గడగడలాడి పిల్లని కూలేశాయి.

మిల్లులో పనిచేసే మరియమ్మ పకపకా నవ్వింది. "ఊకలో చేపలా ఈదారు, నేల మీద నిలబడలేకపోయారేంటి అమ్మాయిగారూ?"

"మేం జారే కొండ మీద మెత్తటి మంచే ఎక్కువ మరియమ్మా! ఉంచేసుకుంటున్నా" అంది మనవరాలు, పడ్డచోటి నుంచే.

మెత్తగా ఉన్నంతసేపూ ఆటలు, గట్టిగా తగిలితే వణుకు. ఇలాంటి అల్లుళ్లనే ఉంచుకున్నాం, స్కీలకేం? ఈ గ్రూపులో ఉన్న మీరంతా ఏమంటారు?

వదినగారూ, రేపు నందిగామ నుంచి వచ్చేటప్పుడు స్కీల అడుగున రుద్దడానికి రెండు తెల్ల కొవ్వొత్తులు తెండి. తలలో ఊక దువ్వుకోవడానికి రెండు పేలదువ్వెనలు కూడా. ఒకటి దానికి, ఒకటి నాకు. ఈ వయసులో కుప్ప నువ్వెందుకెక్కావని మాత్రం అడగొద్దు.