నాయినను అన్న ఇంగ్లీషు మాట

నా చిన్నప్పుడు బౌరంపేట్‌లో మాకు రెండెకరాల కూరగాయల తోట ఉండేది. చెల్లెలి ఆపరేషన్ కోసం అందులో అరెకరం అమ్మడానికి నాయిన ఒప్పుకున్నాడు. ఒక ఆదివారం దాన్ని కొంటానన్న ఒకాయన పట్నం నుంచి ఇంగ్లీషులో కాగితం తయారు చేయించుకుని వచ్చాడు. నాయినకు ఇంగ్లీషు రాదు. ఆ వచ్చినాయన మా అరుగు మీదే కూర్చుని, తోడు వచ్చినతనితో నాయినను చూపించి నవ్వుతూ "వెరీ నయీవ్" అన్నాడు.

నేను మేడ్చల్‌లో ఇంగ్లీషు మీడియం ఆరో తరగతి. ఆ మాట తెలియదు కానీ నవ్వు చూసి పొగడ్తే అనుకున్నాను. నిన్ను పొగుడుతున్నాడని నాయిన చెవిలో చెప్పాను.

"మంచి మాటేనా బిడ్డా?" అని మురిసిపోయాడు.

అర్థం కనుక్కుందామని పక్కింటి అక్క దగ్గరికి పరుగెత్తాను. టీచర్ ట్రైనింగ్ చేస్తున్న అక్క అప్పుడే చర్చి నుంచి వచ్చింది. డిక్షనరీ తీసి చూపించింది. ఫ్రెంచి నుంచి వచ్చిన మాటట. అమాయకుడు, ఎవరినైనా ఇట్టే నమ్మేవాడు అని అర్థం.

"పసిపిల్లలను అంటే ముద్దు. పెద్దమనిషిని నవ్వుకుంట అంటే, లోకం తెల్వనోడని ఎక్కిరించుడు. గిది ఎవలన్నరు?"

చెప్పగానే అక్క లేచింది.

మేం వెళ్లేసరికి నాయిన చేతిలో పెన్ను ఉంది. అక్క ఎవరినీ ఏమీ అనలేదు. "కాకా, నాకు ఇంగ్లీషు సదువుడు అలవాటు గావాలె. గా కాయితం ఓసారి ఇయ్యి" అంది. చదివి, "ఇందుల రెండెకరాలని ఉంది కాకా, బావి గూడ" అని మెల్లగా చెప్పింది. వచ్చినాయన టైపు చేసినవాడి తప్పన్నాడు. నాయిన పెన్ను తిరిగి ఇచ్చేశాడు.

సాయంత్రం నాయిన ఆ మాటకు అర్థం అడిగాడు. నేను వెళ్లి అక్కను పిలుచుకొచ్చాను. అక్కే చెప్పింది, "మనుషులను జల్దీ నమ్మెటోడని, కాకా."

నాయిన "గట్లయితే నిజమే అన్నడు" అని నవ్వాడు.

అరెకరం వేరేవాళ్లకు అమ్మాం. చెల్లెలు కోలుకుంది. నాయిన మనుషులను నమ్మడం మానలేదు. సంతకానికి ముందు మాత్రం అక్కను పిలిచేవాడు.

నేనూ ఇంగ్లీషు టీచరునై రిటైరయ్యాను. ఆ మాటకు అర్థం చాలామంది పిల్లలకు చెప్పాను. కానీ అక్క దగ్గర నేర్చుకున్నది అర్థం ఒక్కటే కాదు. ఈనాటికీ ఎవరైనా చదవడం రాక కాగితం పట్టుకొస్తే పక్కన కూర్చుని చదివి పెడతాను. ఇది కూడా తెలియదా అన్న మాట నా నోట రాదు.