ఇనప ముఖం కెప్టెన్

టెలివిజన్‌లో గ్రహాంతర సీరియల్ రాసేవాడికి ముందు కావలసింది సైన్స్ అనుకుంటే పొరపాటే. స్టూడియో వెనక ఏముందో తెలియాలి ముందు. అక్కడ ఎప్పుడో వదిలేసిన రాళ్ళ క్వారీ ఉంది. అందుకని ఈ రచయిత ఇన్నేళ్ళలో కనిపెట్టిన గ్రహాలన్నీ బూడిదరంగు రాళ్ళతోనే ఉండేవి. నిర్మాత ఎక్కడో ఆస్పత్రి గౌన్లు మూటగట్టి చవగ్గా పట్టుకొస్తే, ఆ నెల నౌక దిగిన గ్రహంలో అందరూ వైద్యులే. నౌక గోడలంటే వెండిరంగు కొట్టిన గుడ్ల అట్టలు. కిటికీ అంటే వాషింగ్ మెషీన్ తలుపు. వాటి మధ్య నిలబడి నటులు విశ్వం అంతమైపోతోందని చెప్పాలి, అది విని ఇళ్ళలో జనం గరిటె పక్కన పెట్టి టీవీ ముందుకు రావాలి. వచ్చేవారు కూడా. యూనిట్‌లో అతన్ని గ్రహాలాయన అనేవారు. కొత్తవాళ్ళు జాతకాలు చెప్పేవాడనుకుని చెయ్యి చాపిన సందర్భాలున్నాయి.

అతన్ని ఆ స్టూడియో గేటు లోపలికి తీసుకొచ్చింది బావ. అక్క మొగుడు, సీరియల్‌లో నౌకకు కెప్టెన్. నిలువెత్తు మనిషి, గొంతు అంతకన్నా గొప్పది. ఆయన “తలుపులు మూయండి” అంటే ప్లైవుడ్ తలుపులకే భయం వేసేది. మేలు చేసినవాడు ఆ మాట మర్చిపోతే ఎంత బాగుండును. బావ మర్చిపోలేదు, ఎవరినీ మర్చిపోనివ్వలేదు. సెట్లో అందరి ముందూ స్క్రిప్టు ఎత్తి చూపించి, “మా బామ్మర్దికి భూమ్మీద ఎవడూ పనివ్వలేదు. అందుకే ఆకాశంలో పెట్టించాను” అనేవాడు. అందరూ విరగబడి నవ్వేవారు. రాసిన డైలాగు ఒక్కటీ రాసినట్టు చెప్పేవాడు కాదు. ఇంటికి భోజనానికి పిలిచినా అదే వరస. “పోనిద్దురూ, ఎందుకు వాణ్ణి అంతలా ఆడిపోసుకుంటారు” అంటూ అక్క కూర వడ్డించేది. తమ్ముడు తల వంచుకుని తినేవాడు. తిన్నది అరిగేది గానీ విన్నది అరిగేది కాదు.

ఒకరోజు నిర్మాత అతన్ని మేకప్ గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“ఛానెల్ వాళ్ళు కోత పెట్టారయ్యా. పెద్ద నటుల్లో ఒకళ్ళని తీసెయ్యాలి. కెప్టెనో, డాక్టరో. డాక్టర్ని తీసేస్తే మేలని నాకనిపిస్తోంది. కథ నీది కాబట్టి నువ్వే తేల్చు. ఎవరు తేల్చారన్నది ఈ గది దాటదు.”

డాక్టర్ వేషం వేసే ఆవిడ చేతిలో ఇంకో రెండు సీరియళ్ళున్నాయి. బావకి ఇదొక్కటే. ఇన్నేళ్ళు వెండిరంగు కోటులో చూసిన మొహాన్ని ఏ కుటుంబ కథలోనూ తండ్రిగా పెట్టుకోరు. అక్క ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కోటు మీదే. ఇవన్నీ అతనికి తెలుసు. తెలిసే, “కెప్టెన్‌ని తీసేద్దాం” అన్నాడు. అన్నాక గుండెల్లో చల్లగా, హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడాల్సింది, పడలేదు.

బావకి మాత్రం వేరేలా చెప్పాడు. “నిర్మాత పట్టుబట్టాడు బావా, నా చేతుల్లో ఏముంది. అయినా మన కథల్లో చచ్చినవాళ్ళు చావరుగా. నీ శవాన్ని చూపించను. కొన్ని వారాలు ఓపిక పట్టు, నేనే వెనక్కి తీసుకొస్తాను.”

బావ వెండిరంగు కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. తర్వాత, “సర్లేరా, నువ్వుండగా నాకేం” అన్నాడు. ఆ ఒక్క మాటకైనా మనసు మార్చుకోవచ్చు. నిర్మాత ఇంకా పక్క గదిలోనే ఫోన్లో మాట్లాడుతున్నాడు. గ్రహాలాయన అటు వెళ్ళలేదు, టీ తాగడానికి వెళ్ళాడు.

ఆ ఎపిసోడ్ అతను ప్రాణం పెట్టి రాశాడు. కెప్టెన్ తన మనుషులందర్నీ నౌకలోకి ఎక్కించి, బయటినుంచి మాత్రమే పడే గడియ తను వేసి, బూడిదరంగు రాళ్ళ మధ్య ఒంటరిగా మిగిలిపోతాడు. బావ మొట్టమొదటిసారి ఒక్క మాట మార్చకుండా చెప్పాడు. లైట్లు పట్టుకునేవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. అంతమంది ఎప్పుడూ చూడలేదట ఆ సీరియల్‌ని. నిర్మాత రచయిత భుజం తట్టి, “ఇంత బాగా చంపుతావనుకోలేదయ్యా” అన్నాడు.

వారాలు గడిచాయి. బావ వీలు చూసుకుని ఫోన్ చేసేవాడు. “ఎందాకా వచ్చిందిరా?” “రాస్తున్నాను బావా.” నిజానికి ఒక్క ముక్క రాయలేదు. బావ జుట్టుకి రంగు వేస్తూనే ఉన్నాడు. గడ్డం కెప్టెన్ గడ్డంలాగే కత్తిరించుకుంటున్నాడు, ఎప్పుడు పిలిచినా పాత ఎపిసోడ్లతో కలవాలని. అక్క ఒక బట్టల కొట్లో పనికి కుదిరింది. రోజంతా నిలబడి కాళ్ళు వాచిపోతున్నాయని చెప్పింది. అది విన్నాక కూడా అతను రాయలేదు.

చివరికి జనమే గోల పెట్టారు, కెప్టెన్ ఏడని. నిర్మాత దిగొచ్చాడు, కానీ పాత జీతం ఇవ్వనన్నాడు. అప్పుడు దారి చూపించింది మన రచయితే. చావబోతున్న కెప్టెన్‌ని ఆ గ్రహంవాళ్ళు బాగుచేసి ఇనప ముఖం తగిలించారని రాశాడు. ముసుగు లోపల ఎవరున్నా ఫరవాలేదు. స్టూడియో డ్రైవర్ ఎత్తు సరిగ్గా సరిపోయింది. బావకి గొంతు మిగిలింది. “గొంతైనా నాదేగా” అని బావ ఒప్పుకున్నాడు.

డబ్బింగ్ రోజు బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి అద్దం అవతల మైకు ముందు నిలబడ్డాడు. ఇవతల ఇంజనీర్, అతని పక్కన రచయిత. ఎంత గొప్ప గొంతైతేనేం, ఇనప ముఖానికి తగ్గట్టు మార్చే మెషీన్లోంచి వచ్చేసరికి ఖాళీ డబ్బాలో గులకరాళ్ళు కదిలించినట్టుంది. సగంలో నిర్మాత వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

“ఆ రోజు నేను డాక్టర్ని తీసేద్దామంటే నువ్వు కెప్టెన్నే అన్నావు చూడు, అదయ్యా బుర్రంటే” అన్నాడు ఖుషీగా.

ఇంజనీర్ గతుక్కుమన్నాడు. లోపలికి మాట వినిపించే స్విచ్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది. రచయితా చూశాడు దాన్ని. అద్దం అవతల బావ కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత తలెత్తి బామ్మర్ది వంక చూసి నవ్వాడు. పని కావలసినవాడు పని ఇచ్చేవాడిని చూసి నవ్వే నవ్వు. అమ్మనా బూతులు తిట్టి ఉంటే గ్రహాలాయన హాయిగా పడి ఉండేవాడు.

నిర్మాతకి ఇవేవీ పట్టలేదు. “అవునూ, ఈ డబ్బా గొంతు ఎవరిదైతే ఏంటి? వచ్చేవారం నుంచి మన ఇంజనీరే చెప్పేస్తాడు. మీ బావ అవసరమంటావా?”

చెయ్యి చాపితే స్విచ్ అందుతుంది. గ్రహాలాయన చాపలేదు. ఇకమీదట వారం వారం ఆ నవ్వు చూడాలి, అది తన వల్ల కాదు. ఆ మనిషి పెట్టిన హింసంతా ఓర్చుకున్నాడు గానీ, తను పెట్టిన హింసని ఎదురుగా పెట్టుకుని చూడలేడు.

“అవసరం లేదు” అన్నాడు. ఎర్ర దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

బావ చెవులకున్న హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు. “ఇంకో మూడు డైలాగులున్నాయి” అన్నాడు మైకులో. “అవి చెప్పేసి వెళ్తాను.” మూడూ చెప్పాడు, రాసింది రాసినట్టు. ఇంజనీర్ ఒక్కదానికీ రెండో టేక్ అడగలేదు. రచయిత వేలికొనలు చూసుకుంటూ కూర్చున్నాడు. బావ కాగితాలు బల్ల మీద పెట్టి, ఎవరినీ పలకరించకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. గొంతులో ఎన్నాళ్ళకో ఉత్సాహం.

“మీ బావ చెప్పార్రా, డబ్బింగ్ బ్రహ్మాండంగా వచ్చిందట. ఇక ప్రతి వారం వెళ్ళాలన్నారు. కొట్లో పని మానేద్దామనుకుంటున్నా, ఈ కాళ్ళతో నా వల్ల కావట్లేదు. నువ్వు లేకపోతే మా గతి ఏమయ్యేదో. ఇది ఆగదు కదా, ఇలాగే ఉంటుంది కదా?”

ఆవిడ వెనకాల ఎవరో కుర్చీ జరుపుకున్నారు. బావ అక్కడే ఉన్నాడు, వింటున్నాడు.

“ఉంటుందక్కా” అన్నాడు తమ్ముడు. “మానెయ్.”